గుర్తు దగ్గర తెగిపోయిన పేర్లు

నేను చేసిన పని అట్టముక్కలకు చిల్లులు కొట్టడం. ఉద్యోగం పేరు పంచ్ ఆపరేటర్. డెబ్బయ్యవ దశకం మొదట్లో గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ ఏరియా ఆఫీసు వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో పంచింగ్ మెషీన్లు తెచ్చి పెట్టి, టైపు పాసైన ఆడపిల్లలు కావాలన్నారు. నేను మిషన్ స్కూల్లో చదివి, పెద్దపల్లిలో టైపు నేర్చుకుని ఖాళీగా ఉన్నాను. వెళ్ళి చేరాను. మా నాన్న, మేం బాపు అంటాం, అప్పటికే చాలా ఏళ్ళుగా బాయిలో పనిచేస్తున్నాడు. గనిని మా దగ్గర బాయి అంటారు.

ఒక కార్మికుడికి ఒక కార్డు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఏ బాయి, ఏ పని. మెషీను మీద ఒక అక్షరం నొక్కితే కార్డు మీద ఆ అక్షరానికి తగిన చిల్లు పడుతుంది. కార్డులన్నీ ట్రేలలో సర్ది రైల్లో హైదరాబాదు పంపితే అక్కడి కంప్యూటర్ వాటిని చదువుకుంటుంది. తిరిగి మాకు అచ్చయిన జాబితాలు వస్తాయి. కార్డులు కూడా వెనక్కి వచ్చి మా షెడ్డులోనే ఉండేవి.

ఇప్పుడు కంప్యూటర్ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడిగేది ఒకటే. పేర్లలో కోట్ గుర్తులు, కామాలు, వింత గుర్తులు వచ్చినప్పుడు డేటా ఎందుకు చెడిపోతుంది, ఏం చెయ్యాలి అని. ఏం చెయ్యాలో మీ పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఏం జరుగుతుందో నేను చూశాను. ప్రమోషన్లు, బదిలీలు పక్కనబెట్టి అదొక్కటే రాస్తాను.

డిక్రూజ్ గారి పేరు

మొదటి దెబ్బ డిక్రూజ్ గారి పేరుతో తగిలింది. ఆయన మా దగ్గర సర్వేయరు. ఇంగ్లీషులో రాస్తే ఆయన పేరులో మొదటి అక్షరం తర్వాత పైన ఒక చిన్న కామా ఉంటుంది.

మా కార్డుల్లో ప్రతి పేరుకూ ముందొకటి, వెనకొకటి కోట్ గుర్తులు కొట్టాలని నియమం. ఆ రెండింటి మధ్య ఉన్నదే పేరని కంప్యూటర్ అనుకుంటుంది. ఆ కోట్ గుర్తు, డిక్రూజ్ గారి కామా ఒకటే మీట. అందుకని ఆయన పేరు మొదటి అక్షరంతోనే అయిపోయిందని అది అనుకుంది. మిగిలిన ముక్క తండ్రి పేరుగా, తండ్రి పేరు ఊరుగా, ఊరు బాయిగా జరిగిపోయాయి. అంతటితో ఆగలేదు. ఆయన తర్వాతి వాళ్ళందరి సంగతీ అట్లాగే జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన జాబితా విప్పితే అందులో ఒక కార్మికుడి పేరు కాసిపేట, అంటే ఒక బాయి పేరు. అతని తండ్రి పేరు బొగ్గు నింపేవాడు.

మా పై అధికారి శర్మ గారు. కార్డుల పద్ధతి, కంప్యూటర్ ప్రోగ్రాం ఆయనే తయారుచేశారు. హైదరాబాదు మనిషి, తెలివైనవారు, మాటలో మర్యాద ఉండేది. ఆ జాబితాను ఆయన పేరు పేరునా వేలు పెట్టి చదివారు. ఒక్క గుర్తు ఇన్ని వందల మంది తండ్రులను మార్చేసింది. అట్లాంటి గుర్తు పేరులోనే ఉంటే పక్కపక్కన రెండుసార్లు కొట్టాలని ఆయనే చెప్పారు. రెండు కనబడితే పేరు ముగియలేదని, గుర్తు కూడా పేరులో భాగమేనని కంప్యూటర్‌కు తెలుస్తుంది. ఇప్పటికీ చాలాచోట్ల ఇదే చేస్తారని విన్నాను.

దాని వెనకే ఇంకొకటి. మస్టర్లలో, అంటే హాజరు పుస్తకాల్లో, గుమాస్తాలు ఒకే ఊరి పేరు మళ్ళీ మళ్ళీ రాయలేక కింద రెండు చిన్న గీతలు పెట్టేవాళ్ళు. పైదే ఇక్కడా అని అర్థం. ఒక కొత్త అమ్మాయి ఆ గీతలను కూడా కోట్ గుర్తులుగానే కొట్టింది. మళ్ళీ జాబితా అంతా పాడైంది. శర్మ గారికి విసుగెత్తింది.

కొత్త నియమం

ఆయన ప్రోగ్రాం మార్చారు. పేరులో అక్షరాలు, చుక్క, ఖాళీ తప్ప ఇంకేది కనబడినా పేరు అక్కడికి ఆపెయ్యాలి. ఆ తర్వాత ఉన్నది వదిలెయ్యాలి. డిక్రూజ్ గారి పేరు గుర్తు లేకుండా కలిపి కొట్టమన్నారు.

నాకు ఒక సందేహం వచ్చి ఆయన బల్ల దగ్గరికి వెళ్ళాను.

"సార్, మస్టర్లల్ల చాలా పేర్ల నడుమ రేటు గుర్తు ఉంటది. కార్డుల మీద గట్లనే కొట్టినం. దాన్నేం చెయ్యాలె?"

సామాను ధరల ముందు పెట్టే @ గుర్తు అది. ఆయన తలెత్తి చూశారు.

"మనుషుల పేర్లలో రేటు గుర్తు ఏమిటమ్మా?"

"ఉరఫ్ అన్నట్టు సార్. రాజయ్య, గుర్తు, మళ్ళ కొమురయ్య. ఇంకో పేరు."

"ముద్దుపేర్లు కంప్యూటర్‌కు ఎందుకు? మొదటి పేరు చాలు. ఉండనివ్వు, ప్రోగ్రామే కోసేస్తుంది."

ముద్దుపేర్లనే నేనూ అనుకున్నాను. కొత్త జాబితాలు శుభ్రంగా వచ్చాయి. ఎక్కడా ఒక్క గుర్తు లేదు. అందరం సంతోషించాం.

రాజయ్య ఇంటికి

కొన్ని నెలలకు ఒకరోజు మొదటి షిఫ్టులో ఒక బాయిలో పైకప్పు కూలింది. ఒక మనిషి పోయాడు. కాసిపేట వైపు బాయి నుంచి అప్పుడే బదిలీ అయి వచ్చినవాడు. తోటివాళ్ళకు ఇంకా అతని ముఖం కూడా సరిగా తెలియదు. అతని నంబరు పట్టుకుని ఆఫీసులో మా కొత్త జాబితా చూశారు. రాజయ్య, తండ్రి మల్లయ్య, ఊరు పెద్దపల్లికి అవతల ఒక పల్లె.

వెల్ఫేర్ ఆఫీసరు మా షెడ్డుకు వచ్చాడు. "ఆడోళ్ళకు చెప్పాలె. ఒక ఆడమనిషి తోడుంటే మంచిగుంటది. సుగుణా, నువ్వు రా" అన్నాడు. జీపు ఎక్కాను.

ఆ ఇల్లు వెతుక్కుని వెళ్ళేసరికి వాకిట్లో ఒక ముసలామె ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. అరుగు మీద ఒక యువతి కాళ్ళు చాపుకుని, కాళ్ళ మీద పసిబిడ్డను పడుకోబెట్టి నూనె రాస్తోంది. ఆమె పేరు సమ్మక్క అని, ముసలామె కూతురని, కాన్పుకు పుట్టింటికి వచ్చిందని తర్వాత తెలిసింది.

"అవ్వా, రాజయ్య నీ కొడుకేనా?" అని ఆఫీసరు అడిగాడు.

"అవు సారూ. ఏం జేసిండు?"

"ధైర్నం తెచ్చుకోవాలె అవ్వా. పొద్దున బాయిల కప్పు కూలింది. రాజయ్య పోయిండు."

ఆమె ఏడవలేదు. చేతిలో మిరపకాయ అట్లాగే పట్టుకుని మా ఇద్దరినీ చూసింది.

"ఏ రాజయ్య? నా కొడుకు బాయికి పోనే పోడు. పొద్దుగాల గట్క తాగి ఎడ్లు తోలుకపోయిండు."

"దుఃఖంతోని మతి చెదిరింది పాపం" అని ఆఫీసరు నా చెవిలో అన్నాడు. నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఆమె విదిలించుకుంది.

"నాకు మతి మంచిగనే ఉన్నది. మీరెవలింటికి రాబోయి ఎవలింటికొచ్చిండ్రు?" అని లేచి, గోడ మీదుగా పక్కింటివాళ్ళను కేకేసింది. "అరే, మా రాజిగాన్ని పిలువుండ్రి. గీల్లు వాణ్ణి సంపుతున్నరు!"

చుట్టుపక్కల వాళ్ళు చేరారు. కాసేపటికి ముల్లుకర్ర భుజాన వేసుకుని, మోకాళ్ళ దాకా బురదతో ఒక యువకుడు వచ్చాడు. ముసలామె పరుగెత్తి వాడి ముఖం రెండు చేతులతో తడిమింది. అరుగు మీద సమ్మక్క పకపకా నవ్వింది.

"సూడుండ్రి సారూ! సచ్చినోడు నడిసొచ్చిండు!"

అందరూ నవ్వారు. ఆఫీసరు కాగితం చూశాడు, మనిషిని చూశాడు.

"నీ పేరేంది?"

"రాజయ్య."

"తండ్రి?"

"మల్లయ్య."

"బాయిల పనిచేస్తవా?"

అతను "ఏమైంది సారూ?" అన్నాడు మెల్లగా. ఆఫీసరు బాయి పేరు, నంబరు చెప్పి, ఆ మనిషి పొద్దున పోయాడన్నాడు. రాజయ్య భుజం మీది ముల్లుకర్ర జారి కింద పడింది. అతను ఆఫీసరును చూడలేదు, తల్లిని చూడలేదు. అరుగు వైపు చూశాడు.

సమ్మక్క ముఖంలో నవ్వు ఇంకా ఉంది.

"నన్నెందుకు చూస్తున్నవ్ రా?" అంది.

అతను అరుగు వైపు రెండడుగులు వేసి ఆగాడు.

"తమ్మీ, నన్నెందుకు గట్ల చూస్తున్నవ్?"

ముసలామె అరుగు దగ్గరికి పరుగెత్తి బిడ్డను తీసుకుంది. లేకుంటే కింద పడేవాడు.

రాజయ్య నేల మీద కూర్చుండిపోయి చెప్పాడు. "గది నా పేరే సారు. మనిషి మా బావ. కొమురయ్య." కొన్నేళ్ళ కింద రాజయ్యకే బాయిలో పని వచ్చిందట. ఒక్కరోజు దిగి, ఆ చీకటికి భయపడి ఇంటికి పారిపోయి వచ్చాడు. ఉన్న పని పోగొట్టుకోవడం ఎందుకని అతని పేరు మీద అక్క మొగుడు వెళ్ళాడు. కాసిపేట బాయిలో నలుగురూ అతన్ని కొమురయ్యా అనే పిలిచేవాళ్ళు కాబట్టి పాత గుమాస్తా మస్టర్లో రాజయ్య పక్కన గుర్తు పెట్టి కొమురయ్య అని చేర్చాడు. మేం కోసేసింది ఆ ముక్కనే.

ఒక చావు వార్త తీసుకుని వెళ్ళి, బతికున్నవాడి తల్లిని ఏడిపించబోయి, అందరూ నవ్వుతుండగా అసలు భార్యకు ఆ వార్త ముట్టించాం. నేను సమ్మక్కను పట్టుకుని జీపులో కూర్చున్నాను. దారంతా ఆమె ఒక్కటే మాట అంది. "నేను నవ్విన అక్కా. నేను నవ్విన." కంపెనీ దవాఖానలో అక్కాతమ్ముళ్ళు మనిషిని గుర్తుపట్టారు. ఆ సాయంత్రమే ఊళ్ళో దహనం అయింది.

ఆఫీసులో

మర్నాడు పొద్దున్నే నేను శర్మ గారి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాను. "సార్, ఆ గుర్తు వెనకాల మనిషి ఉన్నడు" అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గర నిలబడ్డారు. ఆ మనిషి పేరు నాతో మళ్ళీ చెప్పించుకున్నారు.

అంత్యక్రియల పనులు ముగిశాక రాజయ్యను, సమ్మక్కను ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ ఆఫీసుకు పిలిచారు. చూసిందంతా చెప్పడానికి నన్నూ రమ్మన్నారు. అక్కడ నేను విన్నది ఆ చావు వార్త కన్నా ఎక్కువగా నన్ను బాధపెట్టింది.

జాబితా ప్రకారం చనిపోయింది రాజయ్య. రాజయ్య బతికి ఎదురుగా నిలబడ్డాడు. కొమురయ్య అనే మనిషి కంపెనీలో లేనే లేడు. లేనివాడి భార్య ఎవరు? పరిహారం మాట అటుంచి, సమ్మక్కకు ఆ ఆఫీసులో నిలబడే హక్కు కూడా లేదన్నమాట. పైగా పేరు మార్చి పని చేయించినందుకు రాజయ్య మీద కేసు పెట్టవచ్చు.

హెడ్ క్లర్కు మంచివాడు. ఆ సంగతి ముందే రాయాలి. సాయం చెయ్యాలనే ఉద్దేశంతోనే గొంతు తగ్గించి ఉపాయం చెప్పాడు.

"సూడు బిడ్డా, కాగితంల రాజయ్య సచ్చిపోయిండు. గట్లనే ఉండనియ్యి. సమ్మక్క రాజయ్య భార్య అని రాద్దాం. నువ్వు గియ్యాల్టి సంది కొమురయ్యవైపో. అన్నీ సరిపోతయి. ఆమెకు బతుకుదెరువు దొరుకుతది."

గదిలో ఎవరూ కాదనలేదు. ఇద్దరు ముగ్గురు తలూపారు కూడా. వాళ్ళకు పేర్లు సరిపోతే చాలు. రాజయ్య ముఖం నల్లగా మాడిపోయింది.

"మా అక్క నన్ను సంకనేసుకొని పెంచింది సారూ. నేను ఆమెకు మొగన్నయితనా? గా మాట ఎట్లొచ్చింది మీ నోట్లెకెల్లి? కేసు పెట్టుండ్రి. జైలుకు పంపుండ్రి. నేనే రాజయ్యను. సచ్చింది మా బావ."

అప్పుడే శర్మ గారు లోపలికి వచ్చారు. చేతిలో ఒక కార్డు. మా షెడ్డులో ట్రేలన్నీ వెతికి, కొమురయ్య పాత కార్డు తీసుకొచ్చారు. కార్డు పైఅంచున రెండు పేర్లూ, మధ్యలో ఆ గుర్తూ స్పష్టంగా అచ్చయి ఉన్నాయి. దాన్ని పర్సనెల్ ఆఫీసరు ముందు పెట్టారు.

"ఈ మనిషి కంపెనీకి తెలుసు. మన మస్టర్లోంచే ఈ కార్డు కొట్టారు. జాబితాలో పేరు లేకపోవడానికి కారణం నా ప్రోగ్రాం. ఆ మాట రాసి సంతకం పెట్టి ఇస్తాను."

ఆయన రాసిచ్చారు. దాని వల్ల హైదరాబాదులో పైవాళ్ళ దగ్గర చాలా మాటలు పడ్డారని తర్వాత విన్నాను. నా ఉద్యోగంలో ఆయన కన్నా తెలివైన అధికారులను చూశాను. తప్పు కార్డు కొట్టిన అమ్మాయి మీదికి తోసేసిన వాళ్ళే వాళ్ళలో ఎక్కువ. మా మీదికి తోయడం ఆయనకు నిమిషం పని. తోయలేదు.

పర్సనెల్ ఆఫీసరు కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, సమ్మక్క వైపు తిరిగాడు.

"నీ భర్త పేరు నీ నోటితో చెప్పాలమ్మా. రాసుకోవాలి."

మా దగ్గర పాతకాలపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. సమ్మక్క నా వైపు చూసింది, తమ్ముడి వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ తీసేసింది.

"కొమురయ్య" అంది. ఇంకా గట్టిగా, "నా మొగడు కొమురయ్య" అంది. ఆమె ఆ పేరు పలకడం అదే మొదటిసారి అనుకుంటాను. పలికాక గోడకు ఆనుకుని ఏడ్చింది.

రాజయ్యను గట్టిగా హెచ్చరించి వదిలేశారు. సమ్మక్కను కొమురయ్య భార్యగా ఒప్పుకున్నారు. కొన్నాళ్ళకు కంపెనీ దవాఖానలో ఆయా పని ఇచ్చారు.

కిటికీ దగ్గర

శర్మ గారు ప్రోగ్రాంలో ఆ నియమం తీసేశారు. గుర్తు తర్వాత ఉన్నది రెండో పేరుగా విడిగా నిలిచేటట్టు మార్చారు. మీకు నేను చెప్పగలిగింది కూడా ఇదే. మీ డేటాలో అర్థం కాని గుర్తు కనబడితే దాన్ని ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో వెళ్ళి అడగండి. అడిగాకే తీసెయ్యండి. అడగడానికి సిగ్గుపడకండి. అడిగితే విసుక్కునే అధికారులుంటారు, విసుక్కోనివ్వండి.

రెండో పేరు మస్టర్లో ఎక్కనివాళ్ళు ఎవరైనా ఉంటే మా షెడ్డుకు వచ్చి చెప్పవచ్చని, ఇప్పటికి ఎవరి మీదా చర్య ఉండదని బాయిల మీద నోటి మాటగా చెప్పించారు. ఒకరో ఇద్దరో వస్తారనుకున్నాం.

మొదటి రోజు షిఫ్టు దిగాక కిటికీ బయట మనుషులు నిలబడ్డారు. ముఖాల మీద బొగ్గు మసి కూడా కడుక్కోలేదు. ఒక్కొక్కరూ కిటికీ చువ్వల దగ్గరికి వంగి గుసగుసగా చెప్పేవాళ్ళు. "మస్టర్ల ఓదెలు అని ఉంటది అక్కా. నేను శంకరయ్యను." "గది మా అన్న పేరు బిడ్డా." "ఎవలి పేరో నాక్కూడ ఎరుక లేదు. సర్దారు పెట్టిండు." సర్దారంటే కూలీలను పనికి తెచ్చే మేస్త్రీ. ఒకాయన చువ్వలు పట్టుకుని, "పోతే పోతిని. కబురు నా ఇంటికి పోవాలె గద" అన్నాడు. వరస మరునాడు ఇంకా పెరిగింది. మా పక్కింటాయన వచ్చాడు. మా చర్చిలో పాటలు పాడే ఆయన వచ్చాడు. శర్మ గారు గుమ్మంలో నిలబడి ఆ వరస చివర ఎక్కడుందో చూసి, "ఇంతమందా?" అన్నారు. ఈ మనుషుల మధ్యే పుట్టి పెరిగాను. నాకే తెలియదు.

ఆ వరసలో మా బాపు కనబడ్డాడు.

నాతో ఏదో పని ఉండి వచ్చాడనుకున్నాను. "బాపూ, పక్కనుంచి రా" అన్నాను. ఆయన రాలేదు. తన వంతు వచ్చేదాకా నిలబడి, వచ్చాక చువ్వల దగ్గరికి వంగాడు.

మా బాపు ఇంట్లో, చర్చిలో యోహాను. కంపెనీలో లచ్చయ్య. బాప్తిస్మం తీసుకోకముందు ఆయన పేరు లచ్చయ్య అనీ, కంపెనీలో అదే నిలిచిపోయిందనీ మేం అనుకునేవాళ్ళం. మా పేటలో అట్లాంటి వాళ్ళు ఎంతోమంది. నన్ను బళ్ళో వేసినప్పుడు కూడా తండ్రి పేరు లచ్చయ్య అనే రాయించారు.

"గది నా పాత పేరు కాదు బిడ్డా" అన్నాడు బాపు. "లచ్చయ్య వేరే మనిషి."

"ఎవరు బాపూ?"

"నాకూ సక్కగ ఎరుక లేదు. పనికొచ్చిన రోజు సర్దారు పేర్లు పిలుస్తుండు. లచ్చయ్యా, లచ్చయ్యా అన్నడు. ఎవలూ పలకలే. నువ్వు పలుకు అన్నడు నన్ను. పలికిన."

"అవ్వకు ఎరుకనా?" అన్నాను. అమ్మను మేం అవ్వ అంటాం.

"లేదు. ఎవలికీ చెప్పలే. గా కొమురయ్య పిల్లగాడు పోయినంక నాకు నిద్ర పడుతలేదు."

వెనక నిలబడ్డవాళ్ళు వింటున్నారు. నేను ఆయన కార్డు తీసి, కొత్తది మెషీనులో పెట్టాను. లచ్చయ్య అని కొట్టాను. గుర్తు కొట్టాను. యోహాను కొట్టాను. అక్షరాలు కనబడక రెండు కార్డులు పాడుచేశాక మూడోది సరిగ్గా వచ్చింది.

అప్పుడు నా కార్డు గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరినప్పుడు దాన్ని నేనే కొట్టుకున్నాను. సుగుణ, తండ్రి లచ్చయ్య. శర్మ గారు నా వెనకే ఉన్నారు, అంతా విన్నారు. "నీ కార్డు కూడా సరిచేసుకో అమ్మా" అన్నారు.

బాపు చువ్వల్లోంచి చెయ్యి లోపలికి పెట్టి నా మణికట్టు పట్టుకున్నాడు.

"నీది ముట్టకు బిడ్డా. సర్టిఫికెట్ల అబద్దం ఉన్నదంటే రేపు ఇంకో సారు వచ్చి నౌకరి తీసేస్తడు. నాది రాసినవు గద, చాలు."

నేను నా కార్డు ముట్టలేదు.

నేను రిటైరైన రోజు ఆఫీసులో చిన్న సభ పెట్టారు. దండ వేశారు, శాలువా కప్పారు. నా సర్వీసు కాగితం పట్టుకుని ఒక కుర్ర ఆఫీసరు పైకి చదివాడు. "శ్రీమతి సుగుణ, లచ్చయ్య గారి కుమార్తె." అందరూ చప్పట్లు కొట్టారు. బాపు అప్పటికే చనిపోయాడు. ఆ లచ్చయ్య ఎవరో, ఆ పొద్దున సర్దారు పిలిచినప్పుడు ఎందుకు పలకలేదో, ఆయనకు పిల్లలున్నారో లేదో, మా ఇంట్లో ఎవరికీ తెలియదు.